కదలని ఆకుపచ్చ చుక్క

2023 చివరి నెలలు. ఈశాన్యం గాలి మొదలై, బోట్లు బయటికి వెళ్లొద్దని హెచ్చరికలు వస్తున్న రోజులు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక జెట్టీ పక్కన చేపల బోట్ల యజమానుల సంఘం ఆఫీసు ఉంది. రెండు గదులు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలు, టేబుల్ మీద ఒక పాత కంప్యూటర్. అక్కడ పనిచేసే రాజు నాకు ఫోన్ చేశాడు.

"దీదీ, కంప్యూటర్ రోజూ మెమరీ లేదంటోంది. ఓసారి వచ్చి చూడండి. అర్జెంటేం కాదు, ఖాళీ దొరికినప్పుడు రండి."

అర్జెంటేం కాదన్న ఆ మాటని ఇప్పటికీ మర్చిపోలేదు.

నేను ఈ దీవుల్లోనే పుట్టాను. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇల్లు షాదీపూర్‌లో. కంప్యూటర్లు బాగుచేయడం నా బతుకుతెరువు. హోటళ్లు, బడులు, మందుల షాపులు, వండూర్‌లో టూరిస్టుల్ని తిప్పే ఏజెన్సీలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి స్కూటీ వేసుకుని వెళ్తాను. మా దగ్గర పాత మెషీన్‌ని అంత తేలిగ్గా ఎవరూ పారేయరు. కొత్తది కావాలంటే ఓడెక్కి రావాలి. అందుకని పదేళ్లు దాటిన ప్రోగ్రాములు కూడా ఇంకా రోజువారీ పనిలో ఉంటాయి. వాటిని రాసిన కంపెనీలు ఎప్పుడో మూతపడి ఉంటాయి. ఏదైనా తేడా వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. అలాంటప్పుడే నన్ను పిలుస్తారు.

సంఘం ఆఫీసులో ఉన్నది బోట్ల ట్రాకింగ్ ప్రోగ్రాం. ప్రతి బోటు మీదా ఒక చిన్న ట్రాకర్ పెట్టె ఉంటుంది. తాను ఎక్కడుందో అది శాటిలైట్ ద్వారా ఆఫీసుకి చెబుతూ ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌లో దీవుల మ్యాపు, దాని మీద బోటుకో ఆకుపచ్చ చుక్క. ఆపద వస్తే బోటులోని వాళ్లు పెట్టె మీద ఎర్ర బటన్ నొక్కాలి. ఇక్కడ చుక్క ఎర్రబడి సైరన్ మోగుతుంది. సంఘం వాళ్లు వెంటనే రెస్క్యూ కంట్రోల్ రూముకి ఫోన్ చేస్తారు. సంఘం సొంతంగా పెట్టుకున్న ఏర్పాటు అది. బటన్ నొక్కిన సంగతి ఆ ఒక్క కంప్యూటర్‌కే వస్తుంది.

మర్నాడు ఉదయం వెళ్లాను. రాజు టీ తెప్పించాడు. పాతికేళ్లుంటాయేమో, మర్యాదస్తుడు. సెక్రటరీ అప్పన్న గారు పక్క గదిలో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఆయన ఓడల్లో చేసి రిటైరైన మనిషి, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అంకుల్ అంటాను.

"ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేస్తున్నావు రాజూ?"

"ఓకే నొక్కుతాను దీదీ. బస్, అంతే. తెర మీద ఆ డబ్బా పోతుంది, ఆ రోజుకి మళ్లీ రాదు. బోట్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కోయీ ప్రాబ్లం నహీ."

"ఇంతకుముందు ఎవరైనా చూశారా?"

"బజార్‌లో ఒక షాపు భయ్యా వచ్చి కొత్త ర్యామ్ వేశాడు. ఫిర్ భీ అదే."

ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేసుకునే బల్ల లాంటిది. బల్ల పెద్దదైతే ఎక్కువ కాగితాలు పరుచుకోవచ్చు. కానీ పాత ప్రోగ్రాములకి ఒక హద్దు ఉంటుంది. ఎంత పెద్ద బల్ల తెచ్చి వేసినా, ఒక మూల దాటి చెయ్యి చాపలేవు. టాస్క్ మేనేజర్ అని ఒక కిటికీ ఉంటుంది, ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోందో అందులో కనిపిస్తుంది. తెరిచి చూశాను. ట్రాకింగ్ ప్రోగ్రాం పేరు పక్కనే నక్షత్రం గుర్తు, ముప్ఫై రెండు అంకె. పాత తరం ప్రోగ్రాం అని దానర్థం. రెండు జీబీల దగ్గర దాని హద్దు. అది అప్పటికే ఆ హద్దుకి ఆనుకుని ఉంది. ర్యామ్ ఎంత కలిపినా ఒరిగేదేమీ లేదు.

"ఈ గొడవ ఎప్పటి నుంచి?"

రాజు ఆలోచించాడు. "కొత్త యూపీఎస్ పెట్టినప్పటి నుంచి అనుకుంటాను దీదీ. దానికి ముందు ఎప్పుడూ రాలేదు."

అది వినగానే సగం అర్థమైంది. మా ఊళ్లో కరెంటు పోవడం మామూలే. ఇన్నేళ్లూ కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ఆగిపోయేది, తిరిగి వేస్తే ప్రోగ్రాం ఖాళీ బల్లతో మొదలయ్యేది. అందులో ఉన్న జబ్బు బయటపడే వ్యవధే దొరకలేదు. మంచి యూపీఎస్ వచ్చాక కంప్యూటర్ ఆగడం మానేసింది. ప్రోగ్రాం రోజుల తరబడి తింటూనే ఉంది, తిన్నది వదలడం లేదు. మా భాషలో దీన్ని మెమరీ లీక్ అంటాం.

కారణం దొరికిందన్న తృప్తితో టీ తాగుతున్నాను. అప్పుడు ఒకావిడ లోపలికి వచ్చింది. నలభై లోపు వయసు, కొంగు నడుముకి దోపుకుని, చేతిలో చేపల గంప. పేరు నూకాలు. భర్త ఎర్రయ్య, తమ్ముడు దానయ్య, ఇంకో మనిషి కలిసి బోటు మీద వెళ్లారని రాజు తర్వాత చెప్పాడు.

"బాబూ, మా బోటు ఏటయినాదో ఓపాలి సూడు. ఫోను లగతనేదు, ఎంత సేసినా కలవతనేదు."

"అరే అక్కా, నిన్న చూపించాను కదా. దేఖో, అదిగో." రాజు తెర మీద వేలు పెట్టాడు. వండూర్‌కి ఇవతల, ఒక చిన్న దీవి చాటున ఆకుపచ్చ చుక్క. "గాలికి అడ్డంగా దీవి చాటున లంగరేసుకున్నారు. ఎర్రయ్య మామకి సముద్రం తెలీదా? గాలి తగ్గాక వచ్చేస్తారు."

ఆమె ఆ చుక్కని కాసేపు చూసింది. ముఖం తేలికపడింది. "నిన్న కూడా ఈడే ఉన్నాడు. మొన్నా ఈడే. కదల్నేదు. మంచిదే."

గ్లాసు పక్కన పెట్టి తెర దగ్గరికి జరిగాను.

లంగరేసిన బోటు కూడా ఊరికే ఉండదు. గాలి మళ్లినప్పుడల్లా తాడు చుట్టూ తిరుగుతుంది. తెర మీద చుక్క కొద్దిగానైనా అటూ ఇటూ జరగాలి. ఇది సూదితో గుచ్చినట్టు ఉంది. మిగతా చుక్కల్ని చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి. కిటికీలోంచి బయటికి చూస్తే జెట్టీ దగ్గర రెండు బోట్లు కట్లు విప్పుకుని చోటు మారుతున్నాయి. తెర మీద జెట్టీ దగ్గర ఏదీ కదలడం లేదు. కింద మూలన గడియారం మాత్రం సెకన్లతో సహా చక్కగా నడుస్తోంది. అది నడుస్తోంది కాబట్టే అంతా నడుస్తోందని అందరూ అనుకున్నారు.

విషయం ఇదీ. మ్యాపు కొత్తగా గీయాలంటే ప్రోగ్రాంకి చాలా మెమరీ కావాలి. అది దొరక్క చేతులెత్తేసి, చివరిసారి గీసిన బొమ్మని అలాగే వదిలేసింది. గడియారానికి మెమరీ పెద్దగా అక్కర్లేదు, అది నడుస్తూ పోయింది. వీళ్లు ఇన్నాళ్లూ చూస్తున్నది ఒక పాత ఫొటో.

నూకాలు ముందు ఏమీ అనకుండా రాజుతో నెమ్మదిగా అన్నాను. "ఈ ప్రోగ్రాం ఒకసారి మూసి మళ్లీ తెరువు."

"బంద్ చేయొద్దన్నారు దీదీ. ఒకసారి చేస్తే చాలాసేపు చుక్కలు రాలేదు. ఘర్‌వాలే, పెళ్లాం పిల్లలు అంతా వచ్చి ఏడుపులు. అప్పటి నుంచి బంద్ మత్ కరో అని ఆర్డర్."

"నేను చెబుతున్నాను. మూసేయ్."

మూశాడు. తెరిచాడు. దీవుల మ్యాపు వచ్చింది, ఖాళీగా. తర్వాత ఒక్కొక్క చుక్కా పడటం మొదలైంది. జెట్టీ దగ్గర కొన్ని, ఉత్తరాన రంగత్ వైపు రెండు. పాత ఫొటోలో ఉన్నచోట ఒక్కటీ లేదు. వండూర్ దగ్గర దీవి చాటున నీళ్లు నీలంగా ఖాళీగా ఉన్నాయి.

"మా బోటేదీ?" అంది నూకాలు.

రాజు గబగబా లిస్టు తెరిచాడు. పేరుతో వెతికాడు, లిస్టులో బోటు పేరు ఉంది, మ్యాపు మీద చుక్క లేదు. నేను మౌస్ తీసుకుని మ్యాపుని చిన్నది చేశాను. దీవులు కుంచించుకుపోయాయి. ఇంకా చిన్నది చేశాను. అప్పుడు కనిపించింది. దీవులకి బాగా నైరుతిగా, చుట్టూ ఏ నేలా లేని నడిసముద్రంలో ఒక్క చుక్క. ఎర్ర చుక్క.

అదే క్షణంలో సైరన్ మోగింది. ఆ చిన్న గదిలో ఆ శబ్దానికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అప్పన్న గారు పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

చుక్క మీద నొక్కితే వివరాలు వచ్చాయి. ఎర్ర బటన్ నొక్కింది ముందురోజు పొద్దున. ఆ కబురు ఆఫీసుకి చేరింది కూడా. సంకేతాలు అందుకుని డిస్కులో దాచే భాగం వేరు, అది బాగానే పనిచేసింది. చుక్కని ఎర్రగా మార్చి సైరన్ మోగించాల్సిన భాగానికి మెమరీ లేదు. నిన్న పొద్దున్నుంచి ముగ్గురు మనుషులు కాపాడమని అడుగుతున్నారు. ఆ అడగడం ఈ కంప్యూటర్ లోపలే పడి ఉంది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, క్షేమంగా ఉన్నారని మనం చెబుతున్నాం.

నూకాలు ఏడవలేదు. అరవలేదు. రాజు వైపు తిరిగి అడిగింది. "మరి నిన్న నువ్వు నాకు సూపించిందేటి బాబూ?"

ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో కంప్యూటర్లు చెడిపోగా చూశాను. చెడిపోయి కూడా ఇంత ప్రశాంతంగా ముఖం పెట్టుకున్నదాన్ని ఎన్నడూ చూడలేదు.

అప్పన్న గారు తేరుకుని కంట్రోల్ రూముకి ఫోన్ చేశారు. బోటు పేరు, మనుషుల సంఖ్య, చుక్క ఉన్న చోటు చెప్పారు. అవతలి ఆఫీసర్ మొదట అడిగిన ప్రశ్న స్పీకర్‌లో మాకందరికీ వినపడింది. "యే పొజిషన్ కబ్ కా హై?" ఈ చోటు ఎప్పటిది? అన్ని రోజుల్లో ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న అది. చుక్క వివరాల్లో చూసి చెప్పాను. కాసేపటి కిందటిదే. ఓడని పంపుతున్నామని, కొత్త పొజిషన్ వచ్చినప్పుడల్లా చెప్పమని ఆయన అన్నారు.

ఇక నా అసలు పని మొదలైంది. ఓడ చేరేదాకా ఈ ముసలి ప్రోగ్రాం నిజమే చెప్పాలి. టాస్క్ మేనేజర్‌లో అంకె అప్పుడే ఎక్కుతోంది. మామూలుకన్నా వేగంగా ఎక్కుతోంది, ఎందుకంటే ఆగిపోయినప్పుడు చేరిన సంకేతాలన్నీ ఒక్కసారిగా గీస్తోంది. సెట్టింగుల్లో వెతికాను. ప్రతి బోటూ నడిచిన దారిని గీతగా చూపించే ట్రెయిల్ అనే సదుపాయం ఉంది. ఎవరో ఎప్పుడో దాన్ని అన్ని బోట్లకీ, అన్ని రోజులకీ పెట్టి వదిలేశారు. కొన్నేళ్ల దారులన్నిటినీ ఆ ప్రోగ్రాం నెత్తిన మోస్తోంది. టిక్కు తీసేశాను. అంకె ఎక్కడం కాస్త నెమ్మదించింది, ఆగలేదు. లీక్ ఇంకెక్కడో ఉంది. దాన్ని రాసినవాళ్లు లేరు, లోపల చెయ్యి పెట్టి సరిచేసే దారి నాకు లేదు.

మిగిలింది ఒక్కటే. హద్దుకి చేరకముందే మూసి, మళ్లీ తెరవడం.

"వద్దమ్మా!" అప్పన్న గారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "ఓడ దారిలో ఉంది. ఇప్పుడు బంద్ చేసి మళ్లీ రాకపోతే? ఉన్న ఒక్క చుక్కా పోతుంది."

"మూయకపోతే అది ఎప్పుడు ఆగిపోయిందో మనకి తెలీదు అంకుల్. ఓడని మనమే లేనిచోటికి పంపుతాం."

ఆయన నా ముఖం కేసి చూశారు. ఆ వయసు మనిషి కళ్లలో అంత భయం చూడటం నాకు కష్టమైంది. "సరే, కానీ" అన్నారు.

మూసిన ప్రతిసారీ అదే వరస. ఖాళీ మ్యాపు, కాసేపు ఏమీ లేదు, తర్వాత చుక్కలు. ఎర్ర చుక్క అన్నిటికన్నా ఆఖరున వచ్చేది. వచ్చినప్పుడల్లా నూకాలు నా భుజం వెనక నుంచి అడిగేది. "ఇది నిజమేనా సెల్లీ? ఇప్పటిదేనా?" చుక్క మీద నొక్కి, సమయం చదివి చెప్పేదాన్ని. ఇప్పటిదే అక్కా. రాజు ఆ పొజిషన్‌ని కంట్రోల్ రూముకి చదివేవాడు. మొదటిసారి అంకెల దగ్గర తడబడ్డాడు, రెండోసారికి అప్పన్న గారు వీపు తట్టారు. తర్వాత తడబడకుండా చదివాడు. చుక్క ప్రతిసారీ ఇంకాస్త నైరుతికి జరిగి ఉండేది. గాలి వాళ్లని దీవులకి దూరంగా తోసుకుపోతోందని మాకు కళ్లముందే తెలుస్తోంది. భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం ఎండ జెట్టీ మీద పచ్చగా పడుతుండగా కంట్రోల్ రూము నుంచి ఫోన్ వచ్చింది. బోటు దొరికింది. ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు. ఒకతనికి చేతికి దెబ్బ.

నూకాలు నేల మీద కూర్చుండిపోయింది. "ఎవురికి దెబ్బ? అడగండి, ఎవురికి?" అంది. అప్పుడు ఏడ్చింది. రాజు గోడకి తల ఆనించి నిలబడ్డాడు. నేను వెళ్లి అతని పక్కన నిలబడ్డాను.

దెబ్బ దానయ్యకి. ఇంజన్ ఆగిపోతే బాగుచేస్తుండగా అది ఉన్నట్టుండి ఒక్క చుట్టు తిరిగి, బెల్టులో కుడిచెయ్యి ఇరుక్కుంది. అప్పుడే బటన్ నొక్కారు. ఆసుపత్రిలో డాక్టర్లు మణికట్టు దాకా చెయ్యి తీసేయాల్సి వచ్చింది. ముందురోజే తెచ్చి ఉంటే నిలిచేదేమో, ఖాయంగా చెప్పలేం అన్నారు. ఆ 'ఏమో' నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

నాలుగైదు రోజులయ్యాక ఆసుపత్రికి వెళ్లాను. ఎర్రయ్య మంచం పక్కన స్టూలు మీద ఉన్నాడు. పెదాలు పగిలి పొక్కులు కట్టి ఉన్నాయి. నన్ను కూర్చోమని తను లేచి నిలబడ్డాడు.

"బటన్ నొక్కినాం గదా, ఆఫీసోళ్లు సూస్తారు, వచ్చేస్తారని ఈడికి నేనే దైర్నం సెప్పాను" అన్నాడు. "దూరంగా ఓ పెద్ద ఓడ ఎల్లింది. గుడ్డ డీజిల్లో ముంచి తగలెట్టి ఊపుదామన్నాడు మూడో ఆసామి. ఉన్న డీజిల్ ఎందుకు పాడుసేత్తాం, మనోళ్లు వత్తన్నారు గదా అని నేనే వద్దన్నాను."

దానయ్య ఇరవై దాటి ఉండడు. కట్టు కట్టిన చేతిని గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. కంప్యూటర్‌కి ఏమైందని హిందీలో అడిగాడు. నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. కబురు అందింది, చూపించడానికి దాని దగ్గర చోటు లేకపోయింది, చోటు లేదని ఒక ముక్క చెప్పింది, ఆ ముక్కని మనం ఓకే నొక్కి పక్కకి తోసేశాం అని.

"అంటే దీదీ, మేం నొక్కింది మెషీన్‌కి అందింది. ఆద్మీకి అందలేదు. అంతేనా?"

అంతే అన్నాను. ఇన్నేళ్ల పనిలో అంతకన్నా సరిగ్గా ఎవరూ నాకు ఆ లోపాన్ని వివరించలేదు.

సంఘం ఆ ప్రోగ్రాంని తీసేసి కొత్తది తెచ్చుకుంది. కొత్తదాంట్లో చుక్క పక్కనే అది ఎప్పటిదో రాసి ఉంటుంది, కబురు పాతబడితే చుక్క బూడిదరంగుకి మారుతుంది. రాజు ఉద్యోగం మానేస్తానన్నాడు, అప్పన్న గారు ఒప్పుకోలేదు. దానయ్యకి ఐస్ ఫ్యాక్టరీలో పని చూశారు. ఎడంచేత్తో సంతకం నేర్చుకుంటున్నానని మొన్న కనిపించి చెప్పాడు.

నా పని తీరు మాత్రం మారింది. ఆగిపోయిన కంప్యూటర్‌ని చూసి ఎవరూ మోసపోరు, అందుకే పెద్దగా భయపడను. ఎర్రర్ వచ్చింది, ఓకే నొక్కాం, తర్వాత బాగానే ఉందని ఎవరైనా అంటే మాత్రం ఫోన్ పెట్టేసి వెంటనే బయల్దేరతాను. వెళ్లగానే ఎర్రర్ సంగతి అడగను. ఆ తెర మీద ఇప్పుడు కనిపిస్తున్నదాన్ని నమ్మి ఎవరు ఏం చేస్తున్నారో అడుగుతాను. ఆసుపత్రి గానీ, బడి గానీ, బియ్యం కొట్టు గానీ, అలా నమ్ముతున్న మనిషిని పిలిచి, మనిద్దరం దీన్ని సరిచూసేదాకా నమ్మొద్దని చెప్పాకే స్క్రూడ్రైవర్ బయటికి తీస్తాను.